మబ్బు పట్టని గ్లాసు

హోటల్ బాంక్వెట్ హాల్లో, తెల్లని టేబుల్‌క్లాత్ ముందు కూర్చున్న ఆ నడివయసు మనిషి గ్లాసు పెదాలకు ఆనించాడు. అది కర్రపీపాలో ఊరబెట్టని కొత్త విస్కీ. ఒక గుక్క నాలుక మీద తిప్పి, పక్కనున్న ఆయనతో "బాగుంది" అన్నాడు. అతని నోటి వెంట వచ్చిన ఆఖరి మాట అదే. కుర్చీ వెనక్కి ఒరిగింది, గ్లాసు కింద పడి పగిలింది. అందరూ గుండెపోటు అనుకుని డాక్టరు కోసం పరుగులు పెట్టారు. ఆ గొడవలో ఒక వెయిటర్ ఎంతో శ్రద్ధగా గాజుపెంకులు ఏరి, టేబుల్ తుడిచి, మీదున్నవన్నీ ట్రేలో ఎత్తుకుని వంటగదిలోకి వెళ్ళాడు. ఆ తర్వాత ఆ వెయిటర్‌ని చూసినవాళ్ళు లేరు. విస్కీ సీసా ఒక్కటే మిగిలింది. ల్యాబ్ వాళ్ళు దాన్ని అడుగంటా పరీక్షించారు. అందులో విషం లేదు.

కళ్ళజోళ్ళ షాపు వెనక, అక్షరాల చార్టు వేలాడే గదిలో పెద్దాయన ఈ సంగతంతా చెప్పాడు. పెద్దాయన గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్. ఎదురుగా కూర్చుని విన్నవాడు మౌని. అతని అసలు పేరు అది కాదు. ఏజెంట్లందరిలోకీ తక్కువ మాట్లాడతాడని ఆ కోడ్‌నేమ్ తగిలించారు. ఆఫీసులో అది మెచ్చుకోలు. ఇంట్లో అయితే అదే తిట్టు.

చనిపోయినవాడు ఒకప్పుడు 'బీకర్' ముఠాలో కెమిస్టు. బీకర్ అంటే కొత్త కొత్త విషాలు తయారుచేసి, డబ్బిచ్చిన ఏ సర్కారుకైనా అమ్మే విదేశీ ముఠా. అందులోంచి ఇద్దరు కెమిస్టులు తప్పించుకుని వచ్చారు. ముఠా మనుషుల ముఖాలు గుర్తుపట్టగలిగింది ఈ ప్రపంచంలో వాళ్ళిద్దరే. డిపార్ట్‌మెంట్ వాళ్ళకు కొత్త పేర్లిచ్చింది. మరగబెట్టడం, వడకట్టడం తప్ప మరో పని తెలియనివాళ్ళు కాబట్టి ఇద్దరినీ లిక్కర్ వ్యాపారంలో దాచింది. ఇప్పుడు ఒకడు పోయాడు.

రెండోవాడు మౌని చెల్లెలి మొగుడు.

అదెలా జరిగిందంటే మౌని ఇప్పటికీ తల పట్టుకుంటాడు. చెల్లెలు ఒక చిన్న డిస్టిలరీ నడుపుతోంది. కాచేదీ ఆవిడే, రుచి చూసేదీ ఆవిడే. మనిషిని దాచడానికి ఇంతకంటే నమ్మకమైన చోటు దొరకదని మౌనియే అతన్ని తీసుకెళ్ళి అక్కడ పనిలో పెట్టాడు. డిస్టిలరీలో దాక్కోరా బాబూ అంటే ఆ మహానుభావుడు ఏకంగా కుటుంబంలోనే దాక్కున్నాడు. పెళ్ళిలో సాక్షి సంతకం కూడా మౌనిదే.

"శనివారం మీ చెల్లెలి దగ్గర టేస్టింగ్ ఉంది," అన్నాడు పెద్దాయన. "ఓట్స్ విస్కీ. మొదటి బ్యాచ్. కొనేవాళ్ళు వస్తారు. బీకర్ మనిషీ వస్తాడు."

టేస్టింగ్ ఆపించి, బావను ఆ రోజే వేరే చోటికి మార్చేద్దామన్నాడు మౌని. పెద్దాయన ఒప్పుకోలేదు. ఇవాళ మారిస్తే రేపు మరోచోట వెతుక్కుంటూ వస్తారు. ఎప్పుడో, ఎక్కడో తెలియకుండా చావడం కంటే, మన కళ్ళ ముందే వాళ్ళ చెయ్యి పట్టుకోవడం మేలని ఆయన లెక్క. ఎర అన్న మాట ఆయన వాడలేదు. మర్యాదస్తుడు.

"ఇంకో మాట. మీ చెల్లెలికి చెప్పకు. ఆవిడ మొహంలో ఏదీ దాగదు. అతనికీ చెప్పకు."

మౌని తల ఊపాడు. తల ఊపడం అతనికి ఏళ్ళ తరబడి అలవాటైన పని.

డిపార్ట్‌మెంట్ ఇచ్చిన సరంజామా ఇంతే: ఒక అతుకుడు మీసం, పీపాల వ్యాపారిగా ఒక విజిటింగ్ కార్డు, విషం తగిలితే పాళీ నీలంగా మారిపోయే ఒక పెన్ను. లోపలి మనిషి సాయం కూడా ఉంటుందన్నాడు పెద్దాయన. ఫైల్లో ఆవిడ పేరు మఖమల్. విస్కీల మీద పత్రికల్లో రాస్తుంది. ఆవిడ బాగుందంటే సరుకు అమ్ముడుపోతుంది, పెదవి విరిస్తే గోడౌన్లో మూలుగుతుంది. బీకర్ దగ్గర జీతం తీసుకుంటూ మనకు కబుర్లు చేరవేస్తుంది. మన దగ్గర కూడా జీతం తీసుకుంటూ వాళ్ళకేం చేరవేస్తుందో ఎవరికీ తెలియదు.

శనివారం పొద్దున మౌని అందరికంటే ముందు డిస్టిలరీకి చేరాడు. షెడ్డంతా ఉడికిన జావ వాసన. మధ్యలో రాగి కాగు, దాని మెడలోంచి వంకర తిరిగిన గొట్టం. గొట్టం చివర సన్నగా కారుతున్న ధార. చెల్లెలు మోచేతుల దాకా చొక్కా మడిచి, జుట్టు ముడేసుకుని, ఆ ధారకింద గ్లాసు పట్టి చూస్తోంది. అన్న మీసం చూసి నవ్వాపుకోలేకపోయింది. ఎవరినో పట్టుకోవడానికి వచ్చాడని ఆమెకు అర్థమైంది. అతని ఉద్యోగం ఆమెకు తెలుసు. వచ్చేవాళ్ళలో ఒకడు పాత స్మగ్లర్, వాడి వెనక తిరుగుతున్నానని చెప్పాడు మౌని. ఆమె నమ్మేసింది. చిన్నప్పటి నుంచీ అతనేం చెప్పినా నమ్మడం ఆమెకున్న పెద్ద లోపం.

ఈ సరుకు కోసం ఎంత కష్టపడిందో ఆమె చెప్పుకొచ్చింది. ఓట్స్‌తో కాచడం మూర్ఖుల పని అన్నారట అందరూ. జిగురు పట్టి గొట్టాలు మూసుకుపోతాయి, ధాన్యం బోలెడు పోస్తే సరుకు బొట్టు దిగుతుంది. కానీ ఆ దిగినదాంట్లో ఉండే మెత్తదనం బార్లీకి రమ్మన్నా రాదట. ఏళ్ళ తరబడి పీపాలో పెడితే కర్ర రుచి కిందపడి అది నలిగిపోతుందని, పీపా ఎక్కించకుండానే అమ్మాలని ఆమె పట్టుదల. ఇవాళ వీళ్ళకి నచ్చకపోతే కాగు ఆర్పేసుకోవడమే.

"ఇటు చూడన్నయ్యా," అంటూ గ్లాసులో కొంచెం పోసి, చిన్న కూజా లోంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కలిపింది. అద్దంలా ఉన్న సరుకులో సన్నటి పాలమబ్బు లేచింది. ఓట్స్‌లో నూనె ఎక్కువట. ఆమె కావాలనే వడకట్టకుండా ఉంచింది కాబట్టి నీళ్ళు తగలగానే ఆ నూనె పైకి తేలి మబ్బు పడుతుందట. వాసన విచ్చుకునేది అప్పుడేనట. నీళ్ళు లేకుండా దీన్ని తాగేవాళ్ళు ఉంటారా అని మౌని అడిగాడు.

"నాలుక మీద వాతపెట్టుకోవాలనుకునేవాళ్ళు తాగొచ్చు. ఆ తర్వాత ఆ రోజుకి ఇంకే రుచీ తెలియదు. ఈ పనిలో ఉన్నవాడెవడూ అలా చెయ్యడు."

తాగిచూడమంది. అతను డ్యూటీ అన్నాడు. అసలు అతను ఏనాడూ చుక్క ముట్టలేదు. ఆఫీసులో ఈ కేసు చూసినవాళ్ళందరూ కాఫీ మనుషులే.

అప్పుడే బావ వచ్చాడు, చెవి మీద పెన్సిలు, మోకాళ్ళ దాకా బూట్లు, మొహం నిండా నవ్వు. వచ్చీ రాగానే తన పాత స్నేహితుడి సంగతి అడిగాడు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదట, ఏమైనా తెలుసా అని.

"టూర్లో ఉన్నాడు బావా," అన్నాడు మౌని.

"వచ్చాక ఇటు పంపండి బావగారూ. వాడికి ఈ సరుకు రుచి చూపించాలి. మెచ్చుకోడు గానీ, రెండో గ్లాసు అడుగుతాడు."

మౌని నిజం చెప్పేద్దామనుకున్నాడు. నోరు కూడా తెరిచాడు. ఈలోగా చెల్లెలు మొగుణ్ణి గ్లాసులు తుడవమని పంపేసింది, చెప్పాలనుకున్న మాట గొంతులోనే ఉండిపోయింది. మౌని పెన్ను తీసి సీసాలన్నిటిలో ముంచాడు, గ్లాసుల అంచులకు తాకించాడు, రుచి చూశాక ఉమ్మే బకెట్లను కూడా వదల్లేదు. పాళీ నల్లగానే ఉంది. దాన్ని కూజాలోని నీళ్ళతో కడిగి జేబులో పెట్టుకున్నాడు.

అతిథులు ఒక్కొక్కరే వచ్చారు. హోటళ్ళ వాళ్ళు, పెద్ద షాపుల వాళ్ళు, కోటు గుండీలు పట్టని ఒక పాత కాలం వ్యాపారి. అందరికంటే ఆలస్యంగా ఒక పొడుగు కారు ఆగింది. డ్రైవరు దిగి తలుపు తీశాడు. పచ్చరంగు గౌను, మెడ దాకా కాలరు, దాని మీద ఒక ముత్యాల పిన్ను. మఖమల్ దిగుతుంటే పాత కాలం వ్యాపారి కూడా గుండీలు పెట్టుకునే ప్రయత్నం చేశాడు.

"ఎండ ఎక్కువగా ఉంది," అన్నాడు మౌని, ఆకాశం నిండా మబ్బులున్నా.

"గొడుగు తెచ్చుకున్నాను," అందామె, చేతులు ఖాళీగా ఊపుతూ.

కోడ్ సరిపోయింది. డ్రైవరు ఆమె బ్యాగు పట్టుకుని వెనకే నిలబడ్డాడు. ఆమె పీపాల రేట్ల గురించి అడుగుతున్నట్టుగా తల వంచి, మధ్యలో ఒక్క ముక్క జారవిడిచింది: "సీసా చూసుకోండి." అంతే, చకచకా లోపలికి వెళ్ళిపోయింది.

మౌనికి అదే పెద్ద ఆధారమైంది. టేస్టింగ్ గదిలో టేబుల్ మీది సీసాలన్నీ మాయం చేసి, కాగు పక్కన తాళం వేసిన బీరువాలోని సీసాలు తెచ్చి పెట్టాడు. అందరూ కాగు చూడ్డానికి షెడ్డులోకి వెళ్తే అతను మాత్రం కళ్ళలో వత్తులు వేసుకుని ఆ సీసాల దగ్గరే నిలబడ్డాడు. డ్రైవరు వచ్చి బాత్రూమ్ ఎటువైపని అడిగాడు. మౌని వాణ్ణి తడిమి చూశాడు. కత్తి లేదు, తుపాకి లేదు, సీసా లేదు. చేత్తో అటు చూపించాడు. ఆ దారి పాంట్రీ, అంటే సామాన్ల గది పక్క నుంచి పోతుంది. పాంట్రీలో ఉన్నది నీళ్ళ కూజా ఒక్కటే. విస్కీని కాపలా కాసేవాడు నీళ్ళ వైపు తల తిప్పి చూస్తాడా?

అందరూ వచ్చి బల్ల చుట్టూ కూర్చున్నారు. ఈ డిస్టిలరీలో ఒక పద్ధతి ఉంది. నీళ్ళు ఎవరికి వారు పోసుకోకూడదు. సరుకు కాచినవాళ్ళే అందరి గ్లాసుల్లో స్వయంగా పోస్తారు. అందరూ ఒకేసారి తాగుతారు. తర్వాత గుక్కలు ఉమ్మేసినా ఫర్వాలేదు, మొదటిది మాత్రం మింగాలి. చెల్లెలు కూజా పట్టుకుని బల్ల చుట్టూ తిరిగింది. ఒక్క చుక్క కూడా కింద పడనివ్వలేదు. ఇన్నేళ్ళ కష్టం ఆ బల్ల మీద ఉంది మరి. మొగుడి గ్లాసు దగ్గర ఆగి, అతనికి మాత్రం రెండు చుక్కలు ఎక్కువ వేసింది. అతనికి అలా ఇష్టం.

మఖమల్ దగ్గరికి వచ్చేసరికి, ఆమె గ్లాసు మీద అరచెయ్యి పెట్టింది.

"నాకొద్దమ్మా."

చెల్లెలి మొహం చిన్నబోయింది. ఇంత పేరున్న మనిషి, రుచి చూడకుండానే అవమానించిందనుకుంది. ముందుకి నడిచి, తన గ్లాసులో కూడా పోసుకుని, చేతిలోకి తీసుకుంది.

మౌని చేతిలో కూడా గ్లాసు ఉంది. వేషం కోసం పెదాల దాకా తీసుకెళ్ళక తప్పదు. అతని కళ్ళు మాత్రం మనుషుల చేతుల మీదే ఉన్నాయి. ఎవడు తటపటాయిస్తాడు, ఎవడు పక్క చూపులు చూస్తాడు అని. ఎవరూ తటపటాయించలేదు. బల్ల పొడుగునా గ్లాసులు లేచాయి. అన్నిటిలోనూ అదే పాలమబ్బు. ఒక్కదాంట్లో లేదు. మఖమల్ చేతిలో గ్లాసు ఇంకా తేటగా ఉంది, ఆమె దాన్ని బల్ల మీదికి కొంచెం ముందుకు చాపి పట్టుకుంది, అతని కళ్ళలోకి సూటిగా చూస్తూ.

ఈ పనిలో ఉన్నవాడెవడూ అలా చెయ్యడు.

పొద్దున చెల్లెలన్న మాట అది. మఖమల్ వద్దన్నది విస్కీ కాదు, నీళ్ళు. అంటే విషం ఉన్నది నీళ్ళలోనే. బావ బల్లకి అవతలి చివర ఉన్నాడు. కేక వేస్తే ఒకరు ఆగుతారు, ఇంకొకరు ఉలిక్కిపడి మింగేస్తారు. మౌని వెనక గోడకి ఎర్ర బటన్ ఉంది. షెడ్డులో సారా ఆవిరి లీకైతే నొక్కే గంట అది. ఆ గంట విన్నాక ఒక్క నిప్పురవ్వ చాలు, అందరూ బూడిదే. అందుకే కాగుల దగ్గర పనిచేసేవాళ్ళకి అది ఒంట్లో జీర్ణించుకుపోయి ఉంటుంది: చేతిలో ఏమున్నా దించేసి, తలుపు వైపు నడవడమే.

మౌని మోచేత్తో బటన్ మీద ఒక్కటిచ్చాడు.

గంట మోగింది. చెల్లెలి గ్లాసు ఆ క్షణమే బల్ల మీదికి దిగింది. "అందరూ గ్లాసులు దించండి. బయటికి నడవండి. పరుగెత్తకండి," అంది, గొంతు తొణక్కుండా. పక్కనే ఇంకా గ్లాసు ఎత్తి ఉన్న పాత కాలం వ్యాపారి చేతిని తనే పట్టుకుని కిందికి దించింది. బావ కూడా దించాడు. కానీ అతని కింది పెదవి తడిగా మెరుస్తోంది. మౌని బల్ల ఎక్కి దూకి, చొక్కా చేతి అంచుతో ఆ పెదవి రుద్ది రుద్ది తుడిచాడు. ఆ పెనుగులాటలో మీసం సగం ఊడి బావ భుజానికి అంటుకుంది.

"మింగావా? చెప్పు, మింగావా?"

"లేదు బావగారూ. పెదవికి తగిలిందంతే. పెదవి... పెదవి తెలియడం లేదు నాకు."

మౌని పెన్ను తీసి కూజాలో ముంచాడు. పాళీ నీలంగా మారిపోయింది.

గేటు దగ్గర డ్రైవరు దొరికాడు. బావ పారిపోయాక ముఠాలో చేరినవాడు, అందుకే బావ వాడి మొహం ఎరగడు. చొక్కా కాలరు మడతలో కుట్టుకున్న చిన్న గాజుగొట్టం ఖాళీగా ఉంది. ఇందాక మౌని వాడి నడుం తడిమాడు, కాళ్ళు తడిమాడు, కాలరు మాత్రం వదిలేశాడు. గేటు బయట కాపున్న పెద్దాయన మనుషులు అక్కడే నాలుగు ప్రశ్నలు వేసేసరికి ప్లాన్ మొత్తం బయటపడింది. హోటల్లో ఒక్కడే చచ్చిపోవడం వల్ల అనుమానం వచ్చింది. ఈసారి బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా పోవాలి. పీపా ఎక్కని సారా, పేరు లేని చిన్న బట్టీ, వడకట్టని సరుకు. కల్తీ మందు తాగి జనం చచ్చిపోయారని మర్నాడు పేపర్లో వస్తుంది. బతికి బయటపడినా, పడకపోయినా నింద కాచినదాని నెత్తి మీద పడుతుంది. బీకర్ పేరు ఎవరి నోటా రాదు.

మఖమల్ బయటికి రాలేదు. ఖాళీ గదిలో ఒక్కతే కూర్చుని, తన గ్లాసులోది నీళ్ళు లేకుండానే తాగేసింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. మౌని వచ్చి ఆమె కాలరు మీది ముత్యాల పిన్ను లాగి వెనక్కి తిప్పాడు. లోపల మైకు ఉంది.

"డ్రైవరు చెవిలోకి," అందామె దగ్గుతూ. "వాడు వింటుంటే, మిమ్మల్ని దారి తప్పించే సీసా మాట తప్ప ఇంకేం చెప్పగలను? అందుకే గ్లాసు చూపించాను."

"నేను గమనించకపోయి ఉంటే?"

ఆమె రుమాలుతో కళ్ళు ఒత్తుకుంది. "సంతాప వ్యాసం నేనే రాసేదాన్ని. బాగా రాస్తాను."

ఆమె నిజంగా మౌనికే చూపించిందో, తన ప్రాణం మాత్రం కాపాడుకుందో అతనికి అంతుపట్టలేదు. డిపార్ట్‌మెంట్ మనుషులు వచ్చి ఆమెను కారెక్కించారు. పెద్దాయన ఆమెను ఎలాగూ వదులుకోడు, బీకర్ కూడా వదులుకోదు.

పెన్నునూ కూజానూ ల్యాబ్ వాళ్ళు పట్టుకుపోయారు. డాక్టరు బావను చూసి ప్రాణానికేం ఫర్వాలేదన్నాడు. పెదవి కొన్నాళ్ళు మొద్దుబారి ఉంటుందట. స్నేహితుడి చావు సంగతి అప్పుడే చెప్పాడు మౌని. బావ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. సాయంత్రానికల్లా భార్యాభర్తలిద్దరూ ఈ ఊరు వదిలి, ఇంకో పేరుతో ఇంకో చోటికి పోవాలి. కాగు ఇక్కడే చల్లారిపోతుంది.

చెల్లెలు బల్ల దగ్గర నిలబడి ఉంది. ముందున్న గ్లాసుల్లో మబ్బు ఇంకా అలాగే ఉంది. వాటిని ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు.

"ఆయనకి రెండు చుక్కలు ఎక్కువ వేశాను," అంది. "నా చేత్తో."

మౌని దగ్గరికి వెళ్ళాడు. ఆమె వెనక్కి జరిగింది.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

అతను నిజం చెప్పాడు. చెప్పొద్దని పైవాళ్ళు ఆర్డర్ వేశారని కూడా చెప్పాడు.

"వాళ్ళు వద్దన్నారు సరే. ఎందుకు చెప్పకూడదని నువ్వొక్కసారైనా అడిగావా అన్నయ్యా?"

అడగలేదు. తల ఊపాడు, అంతే. ఇప్పుడు ఆ తల ఎత్తడం అతని వల్ల కాలేదు. తుపాకి ముందు నిలబడి కూడా అంత భయపడలేదతను.

ఆమె లోపలికి వెళ్ళి ఒక కొత్త గ్లాసు, ఇంకో కూజా తెచ్చింది. సీసా వంచి సరుకు పోసింది. కూజా లోంచి నీళ్ళు వదిలింది. మబ్బు లేచింది. గ్లాసు అన్న ముందుకు తోసింది.

"తాగు."

"ఈ నీళ్ళెక్కడివి?"

ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. మౌని ఆ మొహంలోకి చూశాడు. ఏదీ దాగదని పెద్దాయన తీర్మానించిన మొహం. ఇప్పుడందులో ఒక్క అక్షరం చదవడానికి లేదు. గ్లాసు తీసుకున్నాడు. చెల్లెలు కదా అనుకున్నాడు. వెంటనే, పొద్దున ఆమె కూడా అన్నయ్య కదా అనే అనుకుని ఉంటుందని తోచింది. కళ్ళు మూసుకుని నోట్లో పోసుకున్నాడు.

ముందు వేడి జావ, కమ్మగా. ఆ వెనక పచ్చి యాపిల్ కొరికినట్టు పులుపు. అంత మెత్తగా నాలుక మీద పరుచుకున్నది గొంతులోకి దిగేటప్పుడు మాత్రం నిప్పు రాజేసుకుంటూ పోయింది. ఇంత మంచిదాన్ని ఇకపై ఎవరూ తాగరన్న బాధ, ఇది లోపల ఏం చేస్తుందోనన్న భయం కలిసే దిగాయి. మొదటి గుక్క ఉమ్మకూడదు. మింగాడు.

అతని గొంతు కదిలేదాకా చూసి, ఆమె ఊపిరి వదిలింది.

"కుళాయి నీళ్ళే. ఏముందో తెలియకుండా తాగడం ఎలా ఉంటుందో తెలిసిందా?"

ఫోన్ మోగింది. పెద్దాయన. డ్రైవరు పూర్తిగా నోరు విప్పాడట, మూడు దేశాల్లో అరెస్టులు మొదలయ్యాయట, ఆయన గొంతు సంబరంగా ఉంది. అక్కడ అందరూ క్షేమమేనా అని అడిగాడు. క్షేమమేనన్నాడు మౌని.

"మరి నువ్వు?"

చెల్లెలు సీసా ఎత్తి అతని గ్లాసు మళ్ళీ నింపుతోంది. ఈసారి కూజా జోలికి పోలేదు.

"నేనింకా బయటపడలేదు సార్," అన్నాడు మౌని.